వక్త నటుడైన వైనం

పార్లమెంటు సమాచారం రాసేవానికి సినిమా నటులతో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. ఢిల్లీలో ఈ రెండు లోకాల మధ్య గోడ ఏనాడూ అంత ఎత్తుగా లేదు. రాజ్యసభ ఏర్పడిన 1952లోనే పృథ్వీరాజ్ కపూర్ నామినేటెడ్ సభ్యులుగా వచ్చి కూర్చున్నారు. ఆకాశవాణి ఢిల్లీ కేంద్రం నుంచి తెలుగు వార్తలు చదివిన కొంగర జగ్గయ్య 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు ఎన్నికై, వెండితెర మనిషి ప్రజల ఓటుతో ఆ సభలో అడుగుపెట్టగలడని నిరూపించారు. ఆ తరువాత జమున, కైకాల సత్యనారాయణ, కృష్ణంరాజు ప్రభృతులు వచ్చారు. ఇంతమంది వచ్చి వెళ్ళిన సభకు కంఠానికి లోటు ఎన్నడూ లేదు. ప్రెస్ గ్యాలరీలో ఏళ్ళ తరబడి కూర్చున్న నాకు కనిపించిన కొరత వేరు. ఒకరు మాట్లాడుతూ ఉండగా మరొకరు శ్రద్ధగా వింటున్న ముఖం అక్కడ అరుదు. ఎదుటి బెంచీల వారు కాగితాలు తిరగవేస్తూ ఉంటారు, లేదా తమ వంతు ఎప్పుడు వస్తుందా అని గడియారం వైపు చూస్తూ ఉంటారు. వినే ముఖం ఎలా ఉంటుందో తెలియాలంటే మంచి నటుణ్ణి చూడాలి.

అటువంటి ఒక నటుని గురించి ఈ వారం రాయదలచాను. 2000వ సంవత్సరంలో "సఖి" అనే అనువాద చిత్రంతో తెలుగు ప్రేక్షకులకు పరిచయమైన ఆర్. మాధవన్ ఆయన. తమిళుడు. పుట్టింది మాత్రం 1970 జూన్ 1న, నాడు బీహారులోనూ నేడు ఝార్ఖండ్‌లోనూ ఉన్న జంషెడ్‌పూర్‌లో. తండ్రి టాటా ఉక్కు కంపెనీలో అధికారి, తల్లి బ్యాంకు మేనేజరు. 2025 జూలైలో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన "ఆప్ జైసా కోయీ" అనే హిందీ చిత్రంలో ఆయన ధరించిన పాత్ర జంషెడ్‌పూర్‌లో సంస్కృతం బోధించే ఉపాధ్యాయుడు. నడివయసు దాటిన నటుడు పుట్టిన ఊరి మనిషిగా తెరమీదకు రావటం చూసినప్పుడు, ఆయన పడుచుదనపు కథ ఒకసారి తిరగవేయాలనిపించింది. అది సినిమా పత్రికలు రాసే తీరులో తారాపథానికి నిచ్చెనలు వేసుకున్న కథ కాదు. మాటే వృత్తిగా పెట్టుకున్న ఒక యువకుడు, మాటను అదుపులో పెట్టుకోవటం ద్వారా నటుడైన కథ.

ముందుగా ఆ ఊరి సంగతి చెప్పాలి. 2024 నవంబరులో ఝార్ఖండ్ శాసనసభ ఎన్నికల వార్తల కోసం నేను జంషెడ్‌పూర్ వెళ్ళాను. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట అడవి కొట్టి కట్టిన నగరం. 1907లో కంపెనీ పుట్టింది. 1912లో మొదటి ఉక్కు దిమ్మ బయటకు వచ్చింది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ప్రభువు సాక్చి గ్రామానికి జంషెడ్జీ టాటా పేరు పెట్టారు. లక్షలాది జనం ఉన్న ఈ నగరం ఎన్నికైన పురపాలక సంఘం అన్నది లేకుండానే దశాబ్దాలు గడిపింది. వీధి దీపం మొదలు కుళాయి నీటి వరకు కంపెనీ చూసుకోవటం ఆనవాయితీ. ప్రజాస్వామ్యం మీద నమ్మకమున్న నాబోటి వానికి ఇది మింగుడుపడే విషయం కాదు. అక్కడి వారిని కదిపితే మాత్రం, పక్క ఊళ్ళ మునిసిపాలిటీలను చూపించి నవ్వుతారు. 1928 నుంచి కొన్నేళ్ళపాటు సుభాస్ చంద్రబోస్ ఇక్కడి కార్మిక సంఘానికి అధ్యక్షత వహించారని, 1958లో కమ్యూనిస్టుల నాయకత్వాన పెద్ద సమ్మె జరిగిందని నేటి యువ ఓటర్లలో ఎందరికి తెలుసునో చెప్పలేను.

ఆ ఊరు మనకు పరాయిదేమీ కాదు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి తరతరాలుగా అక్కడికి వలసలు సాగాయి. ఉత్తరాంధ్ర పల్లెల్లో దానిని జంషెడ్‌పూర్ అనేవారు తక్కువ. "టాటా వెళ్ళాడు" అంటే చాలు. బిష్టుపూర్‌లో ఆంధ్రుల రామమందిరం ఉంది, కద్మాలో ఆంధ్ర అసోసియేషన్ ఉంది, దాని పాఠశాల ఉంది. కద్మాలో నాకు ఒకపూట ఆతిథ్యమిచ్చిన విశ్రాంత కార్మికుడు, శ్రీకాకుళపు యాస చెక్కుచెదరని పెద్దమనిషి. ఇన్ని భాషల మధ్య ఎలా నెగ్గుకువచ్చారని అడిగాను. "ఇంటికాడ తెలుగు బాబూ, వీధిలో హిందీ, కొట్టుకాడ బెంగాలీ. ఫర్నేసు కాడ సంతాలీ ముక్కలు రెండు రావాల. ఆఫీసరొస్తే ఇంగ్లీషు. ముందు ఇనాల, తరవాత నోరిప్పాల. లేపోతే ఈ ఊళ్ళో పనవదు" అన్నాడాయన. ఎన్నికల గురించి ఆయన చెప్పిన జోస్యాలు కొన్ని ఫలించాయి, కొన్ని ఫలించలేదు. ఈ మాట మాత్రం నా నోటు పుస్తకంలో అడుగున గీత గీసి ఉంది.

తమిళం మాట్లాడే ఇంట్లో, హిందీ మాట్లాడే వీధిలో పెరిగిన బాలునికి కూడా ఈ పాఠం అంది ఉండాలి. ప్రియాంకా చోప్రా పుట్టిందీ, దర్శకుడు ఇమ్తియాజ్ అలీ పెరిగిందీ ఈ ఊళ్ళోనే. ఇంకొక ముచ్చట కూడా చెప్పవలసి ఉంది. 2025 సెప్టెంబరు 23న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో ఉత్తమ గాయనిగా జాతీయ పురస్కారం అందుకున్న శిల్పారావు జంషెడ్‌పూర్ తెలుగింటి ఆడపడుచు. ఆమె పాట హిందీ "జవాన్" చిత్రంలోది. అదే వేదికపై ఉత్తమ గాయకుని పురస్కారం "బేబీ" చిత్రంలో పాడిన మన పి.వి.ఎన్.ఎస్. రోహిత్‌కు దక్కింది. వారికి పురస్కారాలు ఇచ్చిన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము జంషెడ్‌పూర్‌కు ఇరుగుపొరుగున ఉన్న మయూర్‌భంజ్ జిల్లా వారు, ఝార్ఖండ్ గవర్నరుగా పనిచేసినవారు.

మాధవన్ యౌవనంలో సినిమా ఛాయలు కనిపించవు. జంషెడ్‌పూర్ నుంచి చదువు కోసం మహారాష్ట్రలోని కొల్హాపూర్ చేరారు. 1988లో అక్కడి రాజారాం కళాశాల నుంచి రోటరీ వారి సాంస్కృతిక రాయబారిగా ఎంపికై, కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో స్టెట్లర్ అనే చిన్న పట్టణంలో ఒక ఏడాది గడిపారు. తిరిగివచ్చి ఎలక్ట్రానిక్స్‌లో పట్టం పుచ్చుకున్నారు. ఎన్.సి.సి.లో మహారాష్ట్రలోని అగ్రశ్రేణి కేడెట్లలో ఒకరుగా ఇంగ్లండు వెళ్ళి, అక్కడి సైనిక, నౌకా, వైమానిక దళాల వద్ద శిక్షణ పొందారు. సైన్యంలో చేరాలన్న ఆలోచన ఉండేది. ఆరు నెలల తేడాతో వయోపరిమితి దాటిపోయింది. ఒక దారి మూసుకుపోయాక ఆయన చేపట్టినది బోధన. కొల్హాపూర్‌లో వక్తృత్వం, వ్యక్తిత్వ వికాసం తరగతులు నడిపారు. తరువాత బొంబాయి కిషన్‌చంద్ చెల్లారాం కళాశాలలో ఆ విషయంలోనే పైచదువు చదివి, వక్తృత్వంలో జాతీయ స్థాయి విజేత అయ్యారు. 1992లో టోక్యోలో జరిగిన యువ వ్యాపారవేత్తల సమావేశానికి భారతదేశం పక్షాన వెళ్ళారు. ఇరవై రెండేళ్ళ వయసుకు ఆయన ఆస్తి అంతా నాలుక మీదనే ఉంది.

బొంబాయిలో ఫోటోలు తీయించుకుని ప్రకటనల సంస్థకు ఇవ్వటం, "బనేగీ అప్నీ బాత్", "ఘర్ జమాయీ", "సీ హాక్స్" వంటి టెలివిజన్ ధారావాహికలు, ఇవన్నీ నూరుగురు యువకులు చేసినవే. మలుపు ఒక చందనపు పౌడరు ప్రకటనతో వచ్చింది. 1996లో దానిని తీసిన ఛాయాగ్రాహకుడు సంతోష్ శివన్ ఈ కుర్రవాణ్ణి చూడవలసిందని మణిరత్నంకు చెప్పారు. అప్పుడు మణిరత్నం "ఇరువర్" సన్నాహంలో ఉన్నారు. తెలుగులో "ఇద్దరు"గా వచ్చిన ఆ చిత్రంలో తమిళ్‌సెల్వన్ పాత్రకు మాధవన్‌ను పరీక్షించి, కళ్ళలో పసితనం పోలేదని పక్కన పెట్టారు. ఆ పాత్ర ప్రకాశ్‌రాజ్‌కు దక్కింది, దానితో పాటు జాతీయ పురస్కారమూ దక్కింది.

ఈ సంగతి చాలామంది రాశారు. నాకు ఆసక్తి కలిగించిన విశేషం వేరు. కరుణానిధి ఛాయలున్న ఆ తమిళ్‌సెల్వన్ ఎవరు? మాటతో జనాన్ని ఊగించే కవి, రాజకీయ వక్త. దేశంలో వక్తృత్వపు పోటీ గెలిచిన యువకుణ్ణి మహావక్త పాత్రకు పనికిరావని తిప్పి పంపారన్న మాట! నాలుకకు లోటు లేదు. కన్నుకు అనుభవం లేదు. నటన ఎక్కడ మొదలవుతుందో ఆ ఒక్క తిరస్కారం చెబుతుంది. మూడేళ్ళ తరువాత అదే దర్శకుడు 2000 ఏప్రిల్‌లో వచ్చిన "అలైపాయుదే"లో ఆయనకు నాయక పాత్ర ఇచ్చారు. "సఖి"గా మనం చూసినది అదే. ఈసారి ఆ పసి కళ్ళే కావలసి వచ్చాయి.

ఆంగ్ల సాహిత్యం విద్యార్థిగా ఉన్నప్పుడు "హామ్లెట్" నాటకంలో రాకుమారుడు నటులకు చేసే హితబోధను మా చేత వల్లె వేయించేవారు. అందులో ఉన్నదంతా మాట పలకటం గురించి, చేతులు విసరటం గురించి. వినటాన్ని గురించి ఒక్క ముక్క లేదు. తమాషా ఏమంటే, ఆ వెంటనే జరిగే నాటకంలో హామ్లెట్ కనిపెట్టి చూసేది నటులను కాదు. కూర్చుని వింటున్న రాజు ముఖాన్ని. నేరం బయటపడేది అక్కడ. మన భరతుడు అభినయాన్ని ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాలని నాలుగు విధాలుగా విభజించాడు. మన రంగస్థలం, దాని వెనుక మన సినిమా, వాచికానికి పెద్దపీట వేశాయి. పద్యం ఎత్తుకున్నవాడే నటుడు. పక్కన నిలుచున్నవాడు పద్యం అయ్యేదాకా కిరీటం సర్దుకుంటూ ఉండేవాడు. బళ్ళారి రాఘవ వంటివారు దీనికి ఎదురు నిలిచారు. రాఘవ వృత్తిరీత్యా న్యాయవాది. మాట విలువ ఎంతో, మౌనం విలువ ఎంతో కోర్టు హాలులో తెలుసుకున్న మనిషి.

మాధవన్ మంచి పాత్రలను వరుసగా చూస్తే నాకు ఒక సూత్రం కనిపిస్తుంది. 2003లో వచ్చిన "అన్బే శివం" చూడండి. వర్షంలో భువనేశ్వర్‌లో చిక్కుకుపోయిన ఇద్దరు బాటసారులు చెన్నై దారి పడతారు. ఒకడు ఒళ్ళంతా మచ్చలతో ఉన్న కమ్యూనిస్టు, కార్మిక సంఘం మనిషి. ఆ పాత్ర కమల్‌హాసన్‌ది. రెండవవాడు ప్రకటనలు తీసే యువకుడు, మార్కెట్టే మోక్షమని నమ్మినవాడు, అది మాధవన్‌ది. కథ కమల్‌హాసన్‌ది, స్క్రీన్‌ప్లే కూడా ఆయనదే. కానీ ఆ కథ మన గుండెకు చేరేది విసుక్కుంటూ, ఎగతాళి చేస్తూ, చివరికి నోట మాట రాక వింటున్న ఆ రెండవ ముఖం మీదుగా. నాడు బాక్సాఫీసు వద్ద ఓడిపోయిన ఆ చిత్రం నేటికీ జనం నోట నిలిచి ఉంది. 2009లో "త్రీ ఇడియట్స్"లో ఆయన కథ చెప్పే స్నేహితుడు. ఇంజనీరు కమ్మన్న తండ్రి ఎదుట నిలిచి తన మనసు విప్పే కొడుకు. ఎలక్ట్రానిక్స్ పట్టం పుచ్చుకుని ప్రకటనల దారి పట్టిన టాటా అధికారి కొడుకుకు ఆ సన్నివేశం ఎవరూ నేర్పనక్కరలేదు. 2017లో "విక్రమ్ వేదా"లో పోలీసు అధికారి. విజయ్ సేతుపతి కథ చెబుతాడు, ఈయన వింటాడు. బేతాళ కథల ఎత్తుగడ అది. వినే విక్రమార్కుడు చెడితే బేతాళుడు ఎంత చెప్పినా వ్యర్థమే గదా!

"యువ"గా తెలుగులోకి వచ్చిన 2004 నాటి "ఆయుద ఎళుత్తు"లోని ఇన్బా పాత్రను ఇక్కడ మరువరాదు. రాజకీయ నాయకుని కిరాయి మనిషి. మాట కంటే చేయి ముందు లేచేవాడు. అందమైన చిరునవ్వు గలవాడని పేరుపడ్డ నటునిలో అంతటి మొరటుదనం ఉన్నదని అప్పటికి ఎవరూ ఊహించలేదు. ఎన్నికల వేళల్లో అటువంటి యువకులను నేను పది రాష్ట్రాలలో చూశాను. వారి కళ్ళలో కనిపించే, తనను వాడుకుంటున్నారని సగం తెలిసిన చూపు ఆ పాత్రలో ఉంది.

మధ్యలో ఒక దశలో ఆయన తెరకు దూరమయ్యారు. దానికి కారణం ఒక ఇంటర్వ్యూలో ఆయనే చెప్పుకున్నారు. స్విట్జర్లాండులో నారింజ రంగు పంట్లాము తొడుక్కుని నడిరోడ్డు మీద పాటకు నృత్యం చేస్తూ ఉండగా, ఒక రైతు అటువైపు చూసిన చూపులో తిరస్కారం కనిపించిందట. సభలో మాట్లాడగలవాణ్ణి, ఇంత నేర్చినవాణ్ణి, ఎవరి తాళానికి ఆడుతున్నాను అనిపించిందట. పనికి వెళుతున్నప్పుడే ఇంటికి ఎప్పుడు తిరిగివస్తానా అన్నట్టు వెళుతున్నావని భార్య అన్న మాట కూడా తగిలిందన్నారు. నటనను గురించి ఆయన అభిప్రాయాలన్నిటికీ మూలం ఇక్కడ ఉన్నదని నా అంచనా. నటునికి సినిమా వెలుపల ఒక జీవితం ఉండాలని, అది లేకపోతే తెరమీద పెట్టటానికి ఏమీ మిగలదని ఆయన నడవడి చెబుతుంది. వయసు విషయంలోనూ అంతే. కొడుకు స్నేహితులు అంకుల్ అని పిలిచే వేళకు నాయికల ఎంపికలో జాగ్రత్త పడాలని, లేకపోతే సినిమా పేరుతో విలాసం చేస్తున్నాడని జనం అనుకుంటారని 2025లో నిర్మొహమాటంగా అన్నారు. మన తెలుగు చిత్రసీమలో ఈ మాట అనగలవారు ఎందరున్నారో పాఠకులే లెక్కించుకోవచ్చు.

విరామం తరువాత 2016లో వచ్చిన "ఇరుది సుట్రు"లో పెద్దవయసు బాక్సింగ్ శిక్షకుడు. సుధ కొంగర దర్శకత్వం. ఆమె దానినే మరుసటి ఏడు వెంకటేశ్‌తో తెలుగులో "గురు"గా తీశారు. బరిలో దిగిన రితికా సింగ్ నిజంగా పోరుక్రీడలో నలిగిన పిల్ల, సినిమాకు కొత్త. ఆమెకు చోటు ఇచ్చి పక్కకు నిలవటంలో ఉంది ఆయన పనితనం.

ఇక "రాకెట్రీ" సంగతి. ఇక్కడ నటుడు మళ్ళీ వక్త అయ్యాడు. ఇస్రో శాస్త్రజ్ఞుడు నంబి నారాయణన్‌ను 1994లో గూఢచర్యం ఆరోపణపై కేరళ పోలీసులు అరెస్టు చేశారు. ఇంటెలిజెన్స్ బ్యూరో అధికారులు ప్రశ్నించారు. 1996లో సి.బి.ఐ. ఆ కేసు నిరాధారమని తేల్చింది. 2018 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు ఆయనకు 50 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఒక మనిషి పరువు తిరిగి రావటానికి ఇరవై నాలుగేళ్ళు పట్టింది. మాధవన్ ఈ కథను తానే రాసి, తానే తీసి, తానే నటించి, హిందీ, తమిళం, ఆంగ్లాలలో 2022 జూలై 1న విడుదల చేశారు. అన్ని భాషల్లోనూ ఒకే మనిషిగా పలకటం టాటానగరపు పిల్లవానికే సాధ్యమైంది కాబోలు. 2023 అక్టోబరులో అది ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. "పుష్ప"కు అల్లు అర్జున్ ఉత్తమ నటుడుగా పురస్కారం అందుకున్నది ఆ వేడుకలోనే. చిత్రంలో చెప్పిన శాస్త్రీయ ఘనతలలో అతిశయోక్తి ఉన్నదని ఇస్రో మాజీ శాస్త్రజ్ఞులు కొందరు బహిరంగంగా ఖండించారు. ఆ ఖండనను కొట్టిపారేయటానికి వీలులేదు. కథానాయకుని పక్షం వహించినప్పుడు చెవి ఒకవైపే పనిచేస్తుంది.

ఆ చిత్రం ప్రచారంలోనే ఆయన నాలుక జారింది. అంగారక యాత్రకు మన శాస్త్రజ్ఞులు పంచాంగం సాయం తీసుకున్నారన్న అర్థంలో 2022 జూన్‌లో మాట్లాడారు. దేశమంతా నవ్వింది. ఆల్మనాక్‌ను తమిళంలో పంచాంగం అనటం తన అజ్ఞానమని, ఈ విమర్శకు తాను తగినవాడినేనని ఆయన వెంటనే ఒప్పుకున్నారు. ఒప్పుకోవటం పెద్దతనమే, మా రాజకీయులలో ఆ మాత్రం కూడా కనిపించదు. అయితే వేదిక ఎక్కిన వక్తకు, తెరమీది నటునికి మధ్య తేడా ఆనాడు బాగా తెలిసింది. తెరమీద ఆయన ఎదుటివాని మాట పూర్తయ్యేదాకా ఆగుతారు.

2023 సెప్టెంబరులో కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వశాఖ ఆయనను పూనా ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్ అధ్యక్షునిగా నియమించింది. నటనాలయం గడప తొక్కని నటుడు, నసీరుద్దీన్ షా, ఓంపురి చదివిన సంస్థకు అధ్యక్షుడయ్యాడు. ఆ పదవి చరిత్ర తెలిసినవారికి అది పూలపాన్పు కాదని తెలుసు. 2015లో గజేంద్ర చౌహాన్ నియామకానికి నిరసనగా విద్యార్థులు 139 రోజులు సమ్మె చేశారు. పార్లమెంటు ఉభయసభల్లో అది వినిపించింది. మాధవన్ నియామకానికి అటువంటి వ్యతిరేకత రాలేదు. చేసిన పాత్రలే ఆయనకు యోగ్యతాపత్రం.

అందుకే 2025 డిసెంబరు 5న విడుదలైన "ధురంధర్" చూస్తున్నప్పుడు నాకు ఒక చిక్కు ఎదురైంది. అందులో మాధవన్ పాత్ర అజయ్ సన్యాల్, ఇంటెలిజెన్స్ బ్యూరో అధిపతి; దానికి ప్రేరణ జాతీయ భద్రతా సలహాదారు అజిత్ దోవల్ అని అందరూ అనుకున్నదే. మూడేళ్ళ క్రితం ఆ బ్యూరో అనుమానపు కళ్ళ ఎదుట కుర్చీలో కుంగిపోయి కూర్చున్న నంబి నారాయణన్ ఈ నటుడే. ఇప్పుడు బల్లకు అవతలి కుర్చీ ఆయనది. నటునికి రెండు కుర్చీలూ సమానమే కావచ్చు. రెండింటిలోనూ కూర్చోగలగటమే విద్య కావచ్చు. ఒక్కటి మాత్రం ఆయనను అడగాలని ఉంది. ప్రశ్నించే కుర్చీలో కూర్చున్నప్పుడు, ఎదుట ఖాళీగా ఉన్న ఆ రెండవ కుర్చీ ఆయనకు కనిపించిందా?